ఆయం చూసి కొన్న పలక

తిరువూరుకు సముద్రం లేదు. అలాంటి ఊళ్ళో నీళ్ళమీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే పలక ఒకటి మా ఇంటికి ఎందుకొచ్చిందో చెప్పాలంటే, ముందు మా ఆవిడ సంగతి చెప్పాలి.

బంధువుల పెళ్ళికని విశాఖపట్నం వెళ్ళినప్పుడు బీచిలో ఆ పలకలు అద్దెకిస్తుంటే ఇద్దరం ఎక్కాం. నేను ఎక్కిన ప్రతిసారీ పడ్డాను. ఆవిడ మొదట మోకాళ్ళమీద కూర్చుంది, తర్వాత మెల్లగా లేచి నిలబడింది, ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా చాలా దూరం వెళ్ళిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు ఇబ్రహీంపట్నం దాటాక అంది:

"ఆ కాసేపూ నన్నెవరూ పిలవలేదండీ."

మా ఇంట్లో ఆమెను అందరూ పిలుస్తారు. అందరికంటే ఎక్కువ నేనే పిలుస్తాను. కళ్ళజోడు నా నెత్తిమీదే ఉన్నా, అదెక్కడుందని ఆమెనే అడుగుతాను.

"మన తోట పక్క చెరువులో కూడా ఇలా నిలబడొచ్చా?" అని అడిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తనకోసం ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఎందుకు నిలబడకూడదు, నేను కొంటానన్నాను.

పలకలమ్మే దుకాణానికి ఫోను చేశాను. అవతలి అబ్బాయి మర్యాదస్తుడు.

"ఎవరు ఎక్కుతారండీ?"

"నేనే."

ఆ ఒక్క మాట దగ్గరే తప్పు మొదలైంది. తర్వాత బరువు అడిగాడు. పద్నాలుగు కిలోలు తగ్గించి చెప్పాను. అలవాటుందా అన్నాడు. విశాఖలో బాగా తిరిగానన్నాను.

అయినా అతను తొందరపడలేదు. పలక వెడల్పయినకొద్దీ ఊగదని, పొడవు, మందం పెరిగినకొద్దీ ఎక్కువ బరువు మోస్తుందని, ముక్కు గుండ్రంగా ఉంటే నిదానంగా, నమ్మకంగా పోతుందని, మొనదేలితే వేగంగా పోయి కొత్తవాళ్ళను పడేస్తుందని వివరించాడు. "పదడుగుల ఆరంగుళాల పొడవు, ముప్ఫైనాలుగు అంగుళాల వెడల్పు తీసుకోండి సార్. ఇంట్లో ఎవరెక్కినా పనికొస్తుంది" అన్నాడు. బొమ్మ పంపాడు. గుండ్రటి ముక్కుతో, పట్టెమంచంలా ఉంది. నాకు నచ్చలేదు. పురుగుమందుల షాపు నడిపేవాణ్ణి, ఊళ్ళో అందరూ ఎరిగినవాణ్ణి, మంచమెక్కి చెరువులో తిరగడమేమిటనిపించింది.

అప్పుడే మా మేనమామ వచ్చాడు. ఆయన మేస్త్రి కాదు, సిద్ధాంతీ కాదు, కానీ జేబులో టేపు లేకుండా బయటికి రాడు. మా వీధిలో ఆయన ఆయం చూడని తలుపు లేదు. అంగుళాల్లో పొడవును వెడల్పుతో హెచ్చించి ఎనిమిదితో భాగిస్తాడు. శేషం బేసి సంఖ్య వస్తే మంచిది, సరి సంఖ్య వస్తే చెడ్డది; ఒక్కో శేషానికీ ధ్వజం, సింహం, కుక్క, గాడిద, కాకి అంటూ ఒక్కో పేరు.

బొమ్మ చూసి పడవా అన్నాడు, పడవ కాదు పలకన్నాను, అయితే ఆయం చూడాల్సిందేనన్నాడు.

"నీళ్ళమీద పోయేదానికి ఆయం ఏంటి మావయ్యా?"

"పడవ కాదని నువ్వే అన్నావు కదరా. పడవైతే నాకెందుకు? పలకంటే చూడాలి. పడుకునే మంచానికి చూస్తాం, నిలబడేదానికి చూడమా?"

కరెంటు బిల్లు వెనక లెక్క కట్టాడు. నాలుగు మిగిలింది.

"శునకాయం! కుక్కనెక్కి నీళ్ళలోకి పోతావట్రా? ముప్ఫైమూడు చూద్దాం... ఆరు. గాడిద. కుక్కే నయం."

ఆ దుకాణం పలకల కొలతలన్నీ నా ఫోనులో చూసి భాగించుకుంటూ పోయాడు. కాకులు, కుక్కలు, గాడిదలు వరసగా వచ్చాయి. చివరికి తొమ్మిదడుగుల తొమ్మిదంగుళాల పొడవు, ఇరవైతొమ్మిది అంగుళాల వెడల్పు ఉన్న పలక దగ్గర ఒకటి మిగిలింది.

"ధ్వజాయం! కళ్ళు మూసుకుని కొను."

ఆ పలక ముక్కు కత్తిలా మొనదేలి ఉంది. నాకు ఆయాల మీద నమ్మకం లేదు. కానీ నాకు కావలసిన పలకనే మావయ్య చెప్పేసరికి, పెద్దాయన మాట కాదనలేకపోయానని అందరితో అన్నాను. మా ఆవిడను అడగలేదు. ఆశ్చర్యపరుద్దామని అడగలేదన్నాను. అసలు సంగతి, విశాఖలో ఆమె నిలబడింది, నేను పడ్డాను. ఈసారి నేను ముందు నిలబడాలి.

అది గాలి నింపుకునే రకం పలక; రాగానే పంపుతో గాలి కొట్టి, ఆటో మీద కట్టి పెనుగొలను దారిలో మా తోట పక్కనున్న చెరువుకు తీసుకెళ్ళాం. గట్టుమీద అప్పటికే జనం. చెరువులో చేపలు పెంచుకునే ఆయన పరుగున వచ్చాడు.

"మందు కొడతారా సార్? నా చేపలున్నాయండీ!"

"మందు కాదండి, వ్యాయామం."

"ముక్కు ఈశాన్యానికి పెట్టరా!" మావయ్య అరిచాడు.

"నీళ్ళమీద తిరుగుతుంది మావయ్యా!"

"తిరగనివ్వకు మరి!"

లైఫ్ జాకెట్ వేసుకుని ఎక్కాను. పలక నా బరువుకి నడుం దగ్గర కుంగి, రెండు చివరలూ పైకి లేచాయి. లేవబోయాను. అది పక్కకి జారుకుంది. గట్టుమీద ఒకాయన "ఇంకోసారి సార్, చూళ్ళేదు" అన్నాడు. ఇంకోసారి కూడా పడ్డాను.

తర్వాత మా ఆవిడ ఎక్కింది. మోకాళ్ళమీద కూర్చుని చెరువు నడిమికి వెళ్ళింది. అక్కడ లేవబోయింది. పలక అటూ ఇటూ ఊగింది. కూర్చుంది. మళ్ళీ లేవబోయింది. నేను గట్టుమీంచి ఊరుకోలేదు. "మోకాళ్ళు వంచు! ముందుకి చూడు! ఏమే, వినపడుతోందా?" నన్ను చూసి మావయ్య, మావయ్యను చూసి చేపలాయన కూడా మొదలుపెట్టారు.

ఆమె నిలబడలేదు. మోకాళ్ళమీదే ఒడ్డుకొచ్చింది. కోపం లేదు. చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ, "ఇది నాకు కొన్నది కాదు కదా" అంది.

ఏదైనా చెప్పి తప్పించుకునేవాణ్ణి. మావయ్య పక్కనే ఉన్నాడు, ధ్వజాయం ఉంది. కానీ ఆ చీర అంచునుంచి కారుతున్న నీళ్ళు చూస్తుంటే అబద్ధానికి నోరు రాలేదు.

"కాదు" అన్నాను. "నాకోసం కొన్నాను. ఫోనులో నీ పేరే చెప్పలేదు."

ఆమె తెడ్డు నా చేతికిచ్చి ఆటో వైపు నడిచింది.

ఇంటికొచ్చాక దుకాణానికి ఫోను కలిపి ఆమె చేతికిచ్చాను. వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. మావయ్య టేపు తీసి లోపలికి పోబోతే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాను. లోపల ఆమె అవతలి అబ్బాయితో చాలాసేపు మాట్లాడింది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. ఎంత పొడవు చెప్పిందో, ఎంత వెడల్పు చెప్పిందో నేను అడగలేదు. కాఫీ తాగాలనిపించింది. లేచి నేనే పెట్టుకున్నాను.