పంక్తి లేపిన ప్రాజెక్టు

పెళ్ళి భోజనాల్లో కూర్చున్న పంక్తిని, పప్పు కలుపుకుంటున్నవాళ్ళని కలుపుకుంటున్నట్టే, నేను ఒక్క గ్లాసు నీళ్ళతో లేపేశాను. ఆ సమయానికి నేను ఆ పెళ్ళిలో లేను, ఆ ఊళ్ళోనే లేను. రాజమండ్రి దగ్గర మా కాలేజీ ల్యాబులో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్రాజెక్టు వైవాలో తెలివి ప్రదర్శిస్తున్నాను. మా వంశంలో ఇంత దూరం నుంచి ఇంత నష్టం చేసినవాడు ఇంకొకడు లేడని మా పెదనాన్న ఇప్పటికీ అంటూంటాడు.

అప్పుడు నాది బీటెక్ చివరి ఏడాది. ప్రపంచంలో ఏ కష్టానికైనా ఒక సెన్సర్ తగిలిస్తే చాలని నా గట్టి నమ్మకం. మా రామచంద్రపురం వైపు దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. మబ్బు పట్టిందంటే చాలు, ఎక్కడివాళ్ళక్కడ పరుగెత్తి బరకాలు కప్పాలి. కాస్త ఆలస్యమైతే తడుస్తుంది, తడిస్తే రంగు మారుతుంది, రంగు మారితే మిల్లువాడు మొహం తిప్పుకుంటాడు. కాబట్టి నేనొక పెట్టె తయారుచేశాను. పైన ఉన్న పలక మీద వాన చుక్క పడగానే ఊళ్ళో రైతులందరికీ ఒకేసారి ఫోన్లు వెళ్తాయి. ఇంటింటికీ తిరిగి అందరి నంబర్లూ తీసుకున్నాను, పెట్టెని మా డాబా మీద బిగించాను.

ఫోనులో వినిపించే గొంతు కూడా నాదే. "ఉన్నవాళ్ళు ఉన్నట్టు లేచి రోడ్డు మీదికి రండి. వాన వచ్చేసింది" అని, ఇల్లు అంటుకున్నట్టు అరిచి రికార్డు చేశాను. కొంచెం మెల్లగా చెప్పరా, ముసలాళ్ళు హడలిపోతారని మా అమ్మ అంది. మెల్లగా చెబితే మధ్యాహ్నం నిద్రలోంచి ఏ రైతూ లేవడని నేను అమ్మకి పాఠం చెప్పాను. చూశారా, నేనెంత ముందుచూపు గలవాణ్ణో.

వైవా రోజునే మా పెదనాన్న కూతురు సుజాతక్క పెళ్ళి పడింది. ప్రాజెక్టు పోతే డిగ్రీ పోతుంది, డిగ్రీ పోతే వచ్చిన ఉద్యోగం పోతుంది, అందుకని నేను కాలేజీకి వెళ్ళక తప్పలేదు. పెదనాన్న దానికేం అనలేదు. ఆయన దిగులంతా ఆత్రేయపురం వైపు నుంచి వస్తున్న వియ్యంకుడి గురించే. ఆ వియ్యంకుడు మర్యాదల మనిషి. బఫే గిఫే కుదరదు, ఆకులేసి కూర్చోబెట్టి వడ్డించాల్సిందేనని ముందే కబురు పెట్టాడు.

"ఆయన పెరుగన్నం దాకా తిని చెయ్యి కడుక్కుంటే నాకు ఊపిరి ఆడుతుందిరా," అన్నాడు పెదనాన్న నేను బస్సెక్కే ముందు. "అక్కడ తేడా వస్తే సుజాతని అత్తారింట్లో జీవితాంతం దెప్పుతారు."

ఇక ల్యాబులోకి వద్దాం. వైవాకి వేరే కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పొద్దుటి నుంచి ఒకేలాంటి ప్రాజెక్టులు చూసి చూసి ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి. నా ముందు బల్ల మీద రెండో పెట్టె ఉంది. డాబా మీది పెట్టెకి ఇది నకలు, కోడు కూడా అక్షరం మార్చకుండా అదే. నా ప్రాజెక్టు జతగాడు రమేష్ నా చెవి దగ్గరకొచ్చి, ఇందులో నంబర్లు మార్చావా అని అడిగాడు. మొత్తం ప్రాజెక్టులో వాడు చేసిన పని రిపోర్టుకి అట్ట వేయించడం. అట్టల నిపుణుల సలహాలు తీసుకునే స్థితిలో నేను లేనని ఒక చూపు చూశాను.

"ఇది నిజంగా పనిచేస్తుందా, స్లైడ్లలోనేనా?" అని అడిగారు పెద్దాయన.

ఒక్క చుక్క చాలు. నేను గ్లాసు మొత్తం గుమ్మరించాను.

ఎర్ర లైటు వెలిగింది. తెర మీద పేర్లు పరుగెత్తడం మొదలుపెట్టాయి. వెంకన్న బాబాయి, సూరిబాబు గారు, అబ్బులు మావయ్య, ఇలా మా ఊరంతా నా కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోతోంది. గబుక్కున ప్లగ్గు పీకేశాను. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ పెట్టామని అంతకు ముందు స్లైడులోనే గొప్పగా చెప్పుకున్న విషయం అప్పుడు గుర్తొచ్చింది.

ఆ క్షణంలో ఊళ్ళో ఏం జరిగిందో తర్వాత నాకు ప్రతి ఒక్కరూ విడివిడిగా, తిట్లు కలిపి చెప్పారు. మొదటి పంక్తిలో మగపెళ్ళివారు కూర్చున్నారు. వాళ్ళకి తోడుగా మా ఊరి పెద్దల్ని కూర్చోబెట్టారు. పనసపొట్టు కూర అయింది, పప్పులో నెయ్యి పడింది. అప్పుడు మావాళ్ళ జేబులన్నీ ఒక్కసారి మోగాయి, అన్నిట్లోనూ నేనే అరిచాను. నెత్తి మీద ఎండ పేలిపోతోంది. అయినా ఒక్కడూ తల ఎత్తి ఆకాశం చూడలేదు. ఎంగిలి చేతులతో లేచి, పంచెలు ఎగ్గట్టుకుని రోడ్డు మీదికి పరుగు తీశారు.

పంక్తిలో పెద్దలు లేచాక ఇంకా కూర్చుని తినడం మావైపు మర్యాద కాదు. వియ్యంకుడు గారు నేతి పప్పన్నం వైపు ఒకసారి చూసుకుని, లేచి నిలబడ్డారు. ఆయన లేచాక ఆయనవాళ్ళు మాత్రం ఎలా కూర్చుంటారు? పెదనాన్న పులుసు బకెట్టుతో వంటశాలలోంచి వచ్చేసరికి ఆకులున్నాయి, మనుషుల్లేరు.

"బావగారూ, లేచిపోయారేంటండి?"

"మీ పెద్దలే లేచారు కదండి. మేం కూర్చుంటే ఏం బాగుంటుందండి," అన్నారాయన చెయ్యి కడుక్కుంటూ. తర్వాత గొంతు తగ్గించి, "కూరలో ఏమైనా పడిందాండి? పడితే మాక్కూడా చెప్పండి, మేమూ తిన్నాం," అన్నారు.

ఇక్కడ ల్యాబులో పెద్దాయన నిద్ర వదిలించుకుని, వాడినవాళ్ళ అభిప్రాయాలేమైనా సేకరించారా అని అడిగారు. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. నాన్న. కట్ చేయబోతుంటే, ఆయనా రైతే కదా, స్పీకర్లో పెట్టండి అన్నారు పెద్దాయన.

"ఎక్కడ్రా వాన?" అంది ఫోను. "మగపెళ్ళివారు సగం అన్నంలో లేచిపోయార్రా. మీ పెదనాన్న పులుసు బకెట్టు పట్టుకుని గుడ్లనీళ్ళు కుక్కుకుంటున్నాడు. నువ్వు ముందు ఇంటికి రా, నీకుంది."

"రెస్పాన్స్ చాలా బాగుందండి," అన్నారు పెద్దాయన, మార్కులు వేస్తూ. క్లాసులో అందరికన్నా ఎక్కువ మాకే వచ్చాయి. అట్ట వేయించినందుకు రమేష్‌కీ అన్నే వచ్చాయి.

మార్కుల సంతోషం బస్సు దిగేదాకా కూడా నిలవలేదు. రోడ్డు పొడుగునా జనం కప్పిన బరకాలు మళ్ళీ తీస్తూ, నన్ను చూసి పళ్ళు నూరుతున్నారు. ఒకసారి లేచిన ఆకు ముందు మళ్ళీ కూర్చోరు గనక, పైగా కూర మీద అనుమానం కూడా పడింది గనక, పెదనాన్న కొత్తగా వంట మొదలుపెట్టించాడు. మగపెళ్ళివారు ఆకలితో పందిట్లో కూర్చుని, పరవాలేదండి అంటున్నారు. సుజాతక్క నన్ను ఒక్క చూపు చూసింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్న నా చేతిలో పెరుగు బకెట్టు పెట్టి, నువ్వే వడ్డించాలి, నువ్వే క్షమాపణ అడగాలి అన్నాడు. ఈసారి అందరి ఫోన్లూ ముందే తీసుకుని ఒక బుట్టలో పడేశారు. పంక్తి సాగింది. వియ్యంకుడు గారి ఆకు దగ్గరికి వచ్చి బకెట్టులో గరిటె ముంచాను. పెదనాన్న నా వెనకే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఆ ఫోను నువ్వేనా బాబూ చేసింది?"

"నేనేనండి. తప్పయిపోయిందండి."

ఆయన పెరుగు వేయించుకున్నారు. నిదానంగా కలుపుకున్నారు. ఒక ముద్ద తిన్నారు.

"ఎంతమంది కూర్చున్నా, అన్నం మధ్యలోనైనా సరే, అలా లేచి వెళ్ళిపోతారన్నమాట."

"వెళ్ళిపోతారండి," అన్నాను నేలచూపులు చూస్తూ.

"అయితే మాకొకటి చేసి పెట్టు బాబూ. ఎల్లుండి మా ఇంట్లో వ్రతం భోజనాలు. మా చుట్టాలు కొందరున్నారు, కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవరు."

పెదనాన్న నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ, పక్కనున్న స్తంభం పట్టుకుని మరీ నవ్వాడు.

కాబట్టి పెద్దలారా, అరిటాకు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పంచాంగంలో ముహూర్తాలు చూడకుండా కోడు రన్ చేయను. వియ్యాలవారు విస్తరి ముందుండగా సెన్సర్ మీద నీళ్ళు కాదు గదా, చెమట బొట్టు కూడా పడనివ్వను. ఆ వ్రతానికి పంపిన పెట్టె ఈ ప్రమాణం లెక్కలోకి రాదు, అది ఆర్డరు మీద చేసింది.