పిలుపు అందని అక్షరాలు

వేప్పనపల్లి వైపు మామిడితోపులు ఒకప్పుడు చాలావరకు మావే. నా దాకా వచ్చింది ఇంటిపేరు మాత్రమే. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు హోసూరులో ఒక చిన్న ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి.

ఒక ఉదయం ఒక రైతు వచ్చి, తండ్రి కర్మాంతరానికి తెలుగులో కార్డు కావాలన్నాడు. అప్పుడే లినక్స్ వేసిన మా కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్లు లేవు.

"తమిళంలో అయితే వెంటనే ఇస్తాం."

"నాకు వస్తుంది సామీ, మా అత్తలకు రాదు. వాళ్లని కుప్పం పక్క ఇచ్చినారు. సొంత తమ్ముడి కార్డు ఎవురితోనో చదివించుకోవల్నా? సాయంత్రం బస్సుకు నేనే తీసుకపోవల్ల."

నేనెవరో అతనికి తెలుసు. నిటారుగా కూర్చుని, "అవుతుంది" అన్నాను.

ఒక్కో భాష ఫాంట్లు ఒక్కో ప్యాకేజీ. అన్నీ ఒకేసారి రావాలని, భాష పేరుండే చోట 'ఏదైనా సరే' అనే చుక్క గుర్తు (*) పెట్టి yum install fonts-* అని కొట్టాను. పని పూర్తయిందని వచ్చింది. కార్డు తెరిస్తే అన్నీ ఖాళీ గళ్లే.

అతను తొంగి చూశాడు. "ఇదేంది సామీ, ఇటికలు పేర్చినట్టుండాది?"

మళ్లీ కొట్టాను. చేయడానికేమీ లేదంది. అప్పుడు చూశాను, నేను ఆదేశం కొట్టిన చోటే fonts-tamil అనే ఫోల్డరు ఉంది. తమిళం కార్డుల కోసం షాపువాళ్లు తమ ఫాంట్లు పెట్టుకున్నది.

తాతగారు "అందర్నీ పిలువు" అంటే మా ఇంటి పనులు చూసే మణియగాడు ముందు వాకిట్లోకి చూసేవాడట. అక్కడ ఎవరైనా ఉంటే వాళ్లనే పిలిచేవాడు. ఎవరూ లేకపోతేనే ఆ మాట ఊళ్లోకి వెళ్లేది. మనం కొట్టిన ఆదేశాన్ని ముందుగా అందుకునే షెల్ చేసిందీ అదే. వాకిట్లో తమిళం కనబడింది, చుక్కను తీసేసి ఆ ఒక్క పేరే లోపలికి పంపింది. ప్యాకేజీలు తెచ్చే ప్రోగ్రాముకు నా చుక్క చేరనే లేదు. ఇంతకుముందు నా ఇంటి కంప్యూటర్‌లో ఇదే ఆదేశం పనిచేసిందంటే, అక్కడ వాకిలి ఖాళీగా ఉండబట్టే.

ఈసారి 'fonts-*' అని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాను. షెల్ దాన్ని ముట్టుకోలేదు. తెలుగు, కన్నడం, హిందీ అన్నీ దిగాయి. గళ్లు పోయి అక్షరాలు వచ్చాయి.

అతను తండ్రి పేరును పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. "అత్త దీన్ని దాచి పెట్టుకుంటాది" అన్నాడు.

సాయంత్రం కార్డుల కట్ట తీసుకుంటూ, పైనున్న కార్డును రెండు చేతులతో నాకు ఇచ్చాడు.

"మీకూ పిలుపే సామీ. మా నాయన మీ తోపులో కావలి ఉన్నోడు."

తీసుకోవడానికి లేచి నిలబడ్డాను.