శేషం పది

ఆరంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపే ఆయన్ని అందరూ శేషంగారనే పిలిచేవారు. అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ పట్టలేదు. లిఫ్టులో మీటల పైన ఇత్తడి రేకు మీద లైసెన్సు నంబరు ఉండేది: 1,47,69,21,637. స్టూలు మీద కూర్చుని ఆ రేకునే చూసి చూసి, ఇది దేనితోనైనా శేషం లేకుండా తెగుతుందా అని ఒక రోజు ఆయన బుర్రలో పురుగు తొలిచింది.

రెండుతో తెగలేదు. మూడుతోనూ తెగలేదు. అలా దాని వర్గమూలం, అంటే ముప్పై ఎనిమిది వేల చిల్లర దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి, ప్రతిసారీ ఎంతో కొంత శేషం మిగిలితే, ఇదీ ప్రధాన సంఖ్యేనని తేలినట్టే. నాలుగు వేల పైచిలుకు భాగహారాలు. ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని, బెల్లుకీ బెల్లుకీ మధ్య, రోజుకొకటే చేసేవాడు. కంప్యూటరు చిటికెలో చెబుతుందని మూడో అంతస్తు ఇంజనీరు నవ్వితే, పక్కవాడు తింటే నా కడుపు నిండదు కదండీ అన్నాడు. పదో క్లాసు గట్టెక్కలేదు, చెయ్యి పెట్టిన పని ఒక్కటీ కొస చూడలేదు పాపం. ఈ ఒక్క అంకె అయినా దేనికీ లొంగదని తన చేత్తో తేల్చాలని ఆశ.

"లోకమంతా కూడబెట్టుకుంటుంటే మీరు భాగించుకుంటూ కూర్చున్నారు" అని భార్య దెప్పేది. కొత్త నోటు పుస్తకం మాత్రం తనే కొని తెచ్చేది.

పదమూడేళ్లకు ఆఖరి భాగహారం పూర్తయింది. అప్పటికి ఆయన కళ్లు మసకబారాయి. నెలాఖరుకు లిఫ్టు మార్చేసి ఆయన్ని ఇంటికి పంపేస్తున్నారు. పోయేలోగా ఆ ఇంజనీరు చేతిలో పెట్టాలని, ఆదివారం పొద్దున్నే సాపు ప్రతి మొదలుపెట్టారు. భార్య పైకి చదువుతూ ఎత్తి రాస్తోంది, ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. పన్నెండో పేజీలో ముప్పై ఏడుతో భాగహారం వచ్చింది.

"ఎనిమిది సార్లు. మిగిలింది సున్నా. నాలుగు దించారు."

"మూడు కదా దించాలి?"

"నాలుగనే ఉందండీ. శేషం పది."

ఆయనకు సంగతి అర్థమైంది. అంకె దించబోతుండగా నాలుగో అంతస్తు బెల్లు మోగి ఉంటుంది. మనిషి పైకి వెళ్లాడు, అంతస్తేమో లెక్కలోకి దిగింది. మూడు దించి, పక్కన ఆఖరి ఏడు దించితే ముప్పై ఏడు. ఒక్కసారి. సరిగ్గా తెగిపోయింది.

పన్నెండో రోజునే అయిపోయిన లెక్క. ఆ తర్వాత చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు. ఆయనకు దుఃఖం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది. ఆవిడ కలం పట్టుకుని, ఏం రాయమంటారని మెల్లగా అడిగింది.

సోమవారం నాలుగో అంతస్తు గుమాస్తా లిఫ్టెక్కి, రోజూ అడిగినట్టే అడిగాడు.

"ఏం శేషంగారూ, ఇవాళ ఎంత మిగిలింది?"

"ఏం మిగల్లేదు బాబూ" అని ఆయన తలుపు మూశాడు.