సమాధి దగ్గర నేనన్న మాట

మా ఇంట్లో ఒట్లు వెయ్యరు. అవునంటే అవును, కాదంటే కాదు. మా నాన్న చర్చిలో పెద్ద, మమ్మల్ని అలాగే పెంచాడు. అందుకని ఒట్టేసి చెప్పను. అవును... ఇది జరిగింది. నాకే జరిగింది. నమ్మితే నమ్మండి, లేకపోతే ఆ టీ తాగేసి వెళ్ళి పడుకోండి. వాదించే ఓపిక నాకు లేదు.

ఎనభై తొమ్మిదో, తొంభయ్యో. అప్పటికి మెల్‌బోర్న్ శివార్లలో ఈ పాయింట్ కుక్‌లో ఇళ్ళెక్కడివి! మేము సౌత్ ఆస్ట్రేలియాలో, ఎడారి మధ్య ఒక గనుల ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన మైనింగ్ ఇంజనీరు. నేను అక్కడి చిన్న ఆసుపత్రిలో నర్సుని. నాకు ఆరో నెల. అంతకుముందు రెండు పోయాయి. ఒకటి నాలుగో నెలలో, ఇంకొకటి ఐదులో. ఇదైనా నిలుస్తుందా అన్నదొక్కటే అప్పట్లో నా లోకం. పొద్దున లేస్తూనే పొట్ట మీద చెయ్యి వేసి, కదిలేదాకా మంచం దిగేదాన్ని కాదు.

స్కానింగ్‌కి అడిలైడ్ రమ్మన్నారు. కారులో రోజంతా ప్రయాణం. ముందురోజు రాత్రి డ్యూటీ చేసి, కంటి మీద కునుకు లేకుండానే కారెక్కాను. సాయంత్రం నాలుగయ్యేసరికి నడుము విరిగిపోతోంది. సరిగ్గా అప్పుడే ఆయన కారుని మట్టిదారిలోకి తిప్పారు.

"ఎక్కడికండీ?"

"ఎనిమిది కిలోమీటర్లు లోపల పాత ఊరుందట సుగుణా. వానల్లేక, రైలు కూడా ఆగిపోయి, జనం వదిలేసి పోయారట. పెట్రోల్ బంకు వాడు ఏన్షియంట్ సిటీ అన్నాడు."

"ఎన్నేళ్ళ కిందటిదట?"

"వందేళ్ళు."

"వందేళ్ళకే ఏన్షియంటా? గుంటూరులో మా మేనత్త ఇల్లు అంతకన్నా పాతది. అందులో ఇంకా పప్పు ఉడుకుతోంది."

ఆయన నవ్వారు. "ఒక్క అరగంట. చూసొచ్చేద్దాం."

ఏం మనిషండీ బాబూ! రాయి కనిపిస్తే చాలు, పెళ్ళాం కనిపించదు.

ఊరంటే ఏముంది... కప్పుల్లేని రాతిగోడలు. ఎర్రమట్టి. ఒంటరిగా నిలబడ్డ పొగగొట్టాలు. గాలి వాటిలో దూరినప్పుడల్లా ఒక మూలుగు... ఆగుతుంది... మళ్ళీ మూలుగు. ఒక గదిలో తుప్పు పట్టిన ఇనప మంచం. ఆయన కెమెరా పట్టుకుని అటు పోయారు. నేను నడవలేక చివరి ఇంటి వెనక మొండిగోడ మీద కూలబడ్డాను.

అక్కడ ఒక సమాధి ఉంది. చిన్నది. చుట్టూ మోకాలెత్తు ఇనప చువ్వలు. రాతి మీద పేరు అరిగిపోయింది. వయసు మాత్రం మిగిలింది. రెండేళ్ళ నాలుగు నెలలు. ఆడపిల్ల.

నా ఇద్దరికీ సమాధులు లేవు. ఆసుపత్రిలో తీసుకెళ్ళిపోయారు, ఎక్కడికని నేను అడగలేదు. అదంతా ఒక్కసారిగా గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. కాసేపటికి సీసాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంపుకుని తాగాను. నా పెళ్ళికి అమ్మ పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు గ్లాసు. ఎస్. సుగుణ. సగం తాగి గోడ మీద పెట్టాను. పొద్దు గుంకుతోంది. అటునుంచి హారన్ మోగింది.

లేచాను. లేస్తూ... "వెళ్ళొస్తానమ్మా" అన్నాను.

మీకు చెప్పేదేముంది. ఏ గడప దాటినా మనం వెళ్తున్నాననం, వెళ్ళొస్తానంటాం. ఒక్క చావింట్లో, సమాధుల దగ్గర మాత్రం అనం. నోరు మూసుకుని వచ్చేస్తాం. చిన్నప్పుడు ఒకసారి అన్నందుకు మా అమ్మమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. తెలియక కాదు. అలసట... నోరు దానంతటదే అనేసింది.

కారెక్కాం. చీకటి పడింది. ఉన్నది ఒకటే దారి. ఎనిమిది కిలోమీటర్లు పోతే మెయిన్ రోడ్డు. ఆయన మీటరు చూస్తూ నడుపుతున్నారు. ఐదు... ఆరు... ఏడు... నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎనిమిది.

హెడ్‌లైట్ల వెలుగులో పొగగొట్టం.

అదే గోడ. గోడ మీద నా గ్లాసు మెరుస్తోంది.

"అరె, ఎక్కడో మలుపు తప్పాం" అన్నారాయన. "గ్లాసు మర్చిపోయినట్టున్నావు, తెచ్చుకో."

"వద్దు. ముందు ఇక్కణ్ణుంచి పోదాం పదండి."

అప్పుడు తట్టింది నాకు. బిడ్డ కదిలి చాలాసేపయింది. సమాధి దగ్గర్నుంచి లేచినప్పట్నుంచీ... లేదు. నేను నర్సుని, కదలికలు ఎలా లెక్కపెట్టుకోవాలో ఎంతమందికి నేర్పానో. ఎడమ పక్కకి ఒరిగాను. చల్లటి నీళ్ళు తాగాను. పొట్ట మీద వేళ్ళతో తట్టాను. ఏమీ లేదు. రాయిలా ఉంది.

"ఏవండీ, కదలట్లేదు."

ఆయన కారు తిప్పి స్పీడు పెంచారు. కంకర కారు అడుగున టకటకా కొట్టుకుంటోంది. నేను ప్రార్థన మొదలుపెట్టాను, సగంలో మాటలు మర్చిపోయాను. పుట్టిన దగ్గర్నుంచీ చెప్పుకుంటున్న ప్రార్థన! మీటరు ఎనిమిది దాటింది...

పొగగొట్టం.

ఈసారి ఆయన కూడా మలుపు తప్పాం అనలేదు. ఇంజను ఆపేశారు. ఒక్క గాలి చప్పుడే. గోడ మీద గ్లాసు ఉంది. నేను చూశాను, ఆయనా చూశారు. గ్లాసు బోర్లించి ఉంది.

కింద పడలేదు. ఒరగలేదు. అంట్లు తోమాక మన వంటింట్లో బోర్లిస్తామే... అలా.

అప్పుడు గుర్తొచ్చింది, నేనన్న మాట. వెళ్ళొస్తానన్నాను. వచ్చాను. రెండుసార్లు వచ్చాను.

సీసా పట్టుకుని తలుపు తీశాను. "సుగుణా, దిగకు!" అని ఆయన చెయ్యి పట్టుకున్నారు. విడిపించుకున్నాను. కారు నుంచి ఆ సమాధికి ఇరవై అడుగులుంటుంది. నేను ఆరోజు నడిచినంతసేపు... ఎంతకీ తరగలేదు. చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. ఎండ పోయి ఎంతో సేపయినా ఇనుము వెచ్చగా ఉంది. నా పక్కన, నడుము కన్నా కిందుగా, ఎవరో ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డట్టు అనిపించింది. తల తిప్పలేదు. తిప్పే ధైర్యం లేదు.

"ఇంక రానమ్మా" అన్నాను. "తప్పుగా చెప్పాను. నాకోసం చూడకు. నా బిడ్డని నాకిచ్చెయ్యి."

గాలి ఆగింది. పొగగొట్టం మూలుగు ఆగింది. ఎంతసేపో తెలియదు...

లోపల్నుంచి ఒక్క తన్ను. గట్టిగా. పక్కటెముకల కింద.

తిరిగొచ్చి కారెక్కాను. అదే దారి. సరిగ్గా ఎనిమిది కిలోమీటర్లకి మెయిన్ రోడ్డు. తెల్లారి అడిలైడ్‌లో గుండె చప్పుడు వినిపించారు, గుర్రం పరిగెత్తినట్టు. ఆ బిడ్డే మీకు తెలిసిన మా గ్రేసు. పక్కగదిలో పిల్లల్ని నిద్రపుచ్చుతోంది. దానికి ఈ సంగతి చెబితే "మమ్, యూ వర్ జస్ట్ టయర్డ్" అంటుంది.

ఆయనా అంతే. ఊరి చుట్టూ గుండ్రంగా ఇంకో దారుంటుందట, నిద్రమత్తులో అదే ఎక్కి తిరిగామట. బిడ్డ నిద్రపోయిందట. గ్లాసు గాలికట. సగం నీళ్ళున్న గ్లాసుని గాలి పడేస్తుంది గానీ బోర్లిస్తుందా అని అడిగితే లేచి వెళ్ళి టీవీ పెట్టుకుంటారు. ఏమో... నిజంగానే అలసట కావచ్చు. ముప్ఫై గంటలు నిద్రలేని మనిషిని. నాకూ తెలియదు.

కానీ ఒక్కటి... ఏళ్ళ తరబడి ఎవరూ లేని చోట, రెండేళ్ళ పిల్లతో వెళ్ళొస్తానన్నాను. రెండు గంటలు తిరక్కుండా వచ్చి, ఇంక రానన్నాను. నా బిడ్డ కోసం అన్నాను, తప్పలేదు. ఆ పిల్ల కూడా మారాం చెయ్యకుండా వదిలేసింది. నా ఇద్దరితో కూడా ఆ మాటే అనేసినట్టు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆయనకి కూడా తెలియని సంగతి ఒకటుంది. ఆ రాత్రి గ్లాసు తెచ్చుకోలేదు. కారెక్కే ముందు, కారుకి వీపు పెట్టి, దాన్ని తిరగేసి, నీళ్ళు నింపి, చువ్వల లోపల పెట్టి వచ్చాను. ఏమీ అనకుండా వచ్చేశాను.