పన్నెండు మంది డాక్టర్లు, ఒక్క కాలు

పెళ్లయిన ముప్పైతొమ్మిదేళ్లలో హన్మయ్య తన చేతిరుమాలు కూడా తాను ఉతుక్కుని ఎరగడు. అలాంటి మనిషి ఆ గురువారం పొద్దున స్నానాలగది తలుపు వేసుకుని సాక్సులు ఉతుకుతుంటే సారలమ్మకు అనుమానం రాక ఏమవుతుంది?

"ఏందయ్యా, లోపల ఏం రాజకార్యం?"

"ఏం లే. సాక్సులు జాడిస్తున్న."

"ఎవరివి?"

"ఎవరివేంది, నావే."

"నువ్వా! పొద్దు పడమటి దిక్కు పొడిసిందా ఇయ్యాల?"

నాచారంలో వాళ్లది రెండు గదుల ఇల్లు. ఆ తలుపు గడియ ఎప్పుడూ సగమే పడుతుంది. ఒక్క తోపు తోసేసరికి తెరుచుకుంది. హన్మయ్య పీట మీద కూర్చుని ఉన్నాడు. కుడికాలు బకెట్ అంచు మీద ఉంది. బొటనవేలి పక్క వేలి కింద రూపాయి బిళ్లంత పుండు. అంచులు నల్లబడ్డాయి. దాని మీద వేపాకు ముద్ద.

"ఎన్ని రోజులాయె?"

"మొన్నమొన్ననే."

"మొన్ననంటే?"

"బోనాలప్పుడు."

బోనాలు పోయి బతుకమ్మ పండుగ నెత్తి మీదికి వచ్చింది. సారలమ్మ నెత్తి కొట్టుకుంది.

"నొప్పి లేదే. జర గూడ లేదు. బూటు కరిసింది, గంతే."

నొప్పి లేదన్న మాటే ఆమెను ఎక్కువ భయపెట్టింది. షుగరున్న మనిషికి కాలి పుండు నొప్పి పెడితేనే నయం. నొప్పి తెలియకుండా లోపల్లోపల తినేసే పుండే అసలు పుండు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాచారంలోనే ఒక మందుల కంపెనీలో పద్దెనిమిదేళ్లు ప్యాకింగ్ పని చేసింది. అందులో సగం ఏళ్లు షుగర్ గోలీలే. ఆ తెల్లగోలీల అట్టలు ఎన్ని లక్షలు ఆమె చేతుల మీదుగా పోయాయో. ఎక్కడెక్కడి మనుషులో అవి మింగి బాగుపడే ఉంటారు. ఇంట్లో ఉన్న మనిషి మాత్రం పండక్కొకటి పబ్బానికొకటి మింగి, మిగిలిన రోజులు "మర్సిపోయిన" అంటాడు.

"నడువు దవాఖానకు."

"పోను."

"సరే, పోకు. ఆదివారం ఆదివారం పన్నెండు మంది డాక్టర్లతోని తిరుగుతవ్ గదా. అండ్ల ఒక్కరికి చూపెట్టరాదా?"

"అక్కడ చూపెట్టొద్దు. రూలు."

ఈ రూలు సంగతి చెప్పకపోతే సారలమ్మ కోపం ఎవరికీ అర్థం కాదు.

హన్మయ్య హబ్సిగూడలో ఒక పెద్ద ఆఫీసు క్యాంపస్‌లో ముప్పై ఏళ్లు మాలి పని చేశాడు. ఆ చెట్లన్నీ అతనికి చుట్టాలే. ఏది ఏ ఏడు నాటిందో, ఏది ఎండకు అలుగుతుందో చెబుతాడు. పని మానేసి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటుంటే మనస్విని అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. ఉప్పల్ భగాయత్ అవతల, మూసీ ఒడ్డు దగ్గర, అడవిలా పెరిగిపోయిన పాత నర్సరీ ఒకటి ఆ అమ్మాయి తీసుకుంది. పని ఎక్కువై, రోగులను చూసి చూసి, లోపల ఒట్టిపోయిన డాక్టర్లను అక్కడ చెట్ల మధ్య నడిపిస్తుందట. ఆరు ఆదివారాలు. దారి చూపడానికి చెట్లు తెలిసిన పెద్దమనిషి కావాలి.

"నడుసుడు గూడ ఒకరు నేర్పాల్నా?" అని సారలమ్మ ఆ రోజే నవ్వింది.

"ఉరుకుడు కాదు ఆంటీ, మెల్లగ నడుసుడు. అది ఎవ్వరికీ రాదు" అంది మనస్విని.

అక్కడ గేటు పక్కన ఒక బోర్డు ఉంది. ఫోను బుట్టలో పెట్టాలి. ఒకరినొకరు డాక్టర్ అని పిలుచుకోవద్దు. రోగాల మాట, మందుల మాట ఎత్తొద్దు. ఎత్తినవాళ్లు చిన్న మొక్కలకు రెండు బకెట్ల నీళ్లు మోసి పోయాలి. ఆ చివరి మాట పెట్టించింది హన్మయ్యే. దొరికిన వాళ్లను దొరికినట్టు పట్టుకుని బకెట్లు మోయిస్తాడు. పెద్ద పెద్ద డాక్టర్లు అతని మాటకు నీళ్లు మోస్తారని వాడంతా చెప్పుకుని మురిసేవాడు.

"వాళ్లు రోగుల మొహాలు చూసి చూసి రోసి నా దగ్గరికి వస్తున్నరే. వారంల గా మూడు గంటలే వాళ్ల ముంగట రోగి ఉండడు. నేనే రోగినై కాలు చాపితే ఇగ వాళ్లు యాడికి పోవాలె?" అన్నాడు హన్మయ్య, వేపాకు ముద్ద మీద గుడ్డ చుట్టుకుంటూ.

వినడానికి బాగానే ఉంది. కానీ సారలమ్మకు తెలుసు, ఆ మాట వెనక చంద్రయ్య ఉన్నాడు.

చంద్రయ్య ఆమె సొంత అన్న. జనగామ దిక్కు నుంచి వాళ్లిద్దర్నీ తీసుకొచ్చి నాచారంలో దింపినవాడు. ఆరేళ్ల కింద మడమ మీద పుండుతో దవాఖానకు పోయాడు. రెండు కాళ్ల మీద పోయి ఒక్క కాలి మీద వచ్చాడు. ఏడాది తిరగకముందే చనిపోయాడు. చుట్టాలంతా ఇదే కథ చెబుతారు. "దవాఖానకు పోబట్టే బావ కాలు పోయింది" అని హన్మయ్య ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. అన్నప్పుడల్లా సారలమ్మ పొయ్యి దగ్గర ఏదో సర్దుకుంటూ ఉండిపోయేది.

ఎందుకంటే కథలో ముందు సగం ఆమెకొక్కదానికే తెలుసు. చంద్రయ్య ఆ పుండును మొదట చెల్లెలికే చూపించాడు. అప్పటికి అది చింతగింజంత. "మీ వదినకు చెప్పకు, లొల్లి చేస్తది. నా మీద ఒట్టు" అన్నాడు. ఒట్టు దాటితే ఒట్టు పెట్టిన మనిషికి కీడు అంటారు కదా. అన్న మీది భయంతో, ప్రేమతో నాలుగు నెలలు నోరు మూసుకుంది.

ఇప్పుడు చూడండి కర్మ. హన్మయ్య గుడ్డ కట్టుకోవడం అయ్యాక ఆమె చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"ఆడ గిట్ల నోరిప్పినవో, నా మీద ఒట్టు."

"తియ్ చెయ్యి!" అని ఆమె విదిలించుకుంది. కానీ ఒట్టు పడనే పడింది.

శుక్ర, శని రెండు రోజులూ ఆమె ఇంట్లో గిన్నెలతోనే మాట్లాడింది. పప్పు గిన్నె దబ్బున పెట్టింది, చెంబు ఠంగున పెట్టింది. హన్మయ్య "ఆ చప్పుడు నన్నేనా?" అంటే, "లేదు, గిన్నెకు షుగరొచ్చింది, దాన్ని తిడుతున్న" అంది.

నడిచేవాళ్లకు టిఫిన్ ప్రతివారం ఆమే వండి పంపుతుంది. ఆదివారం తెల్లారి సర్వపిండి, పల్లీ పచ్చడి డబ్బాల్లో సర్ది, తను కూడా చెప్పులు వేసుకుంది.

"నువ్వెందుకు?" అన్నాడు హన్మయ్య.

"పోయిన వారం ఒక డబ్బ మూత రాలే. నీకు మూతల మీద ధ్యాస ఉండదు. నేనే ఒడ్డించుకొస్త."

"ఒట్టు యాదున్నది గదా?"

"ఆటో ఎక్కు."

నర్సరీలో అప్పటికే అందరూ వచ్చి ఉన్నారు. పన్నెండు మంది. అందరి కళ్ల కిందా నల్లటి గీతలు. వీళ్లా మనకు మందులిచ్చేది అనిపించింది సారలమ్మకు. హన్మయ్య ముందు నడిచాడు. కానుగ చెట్టు దగ్గర ఆపి, బెరడు మీద అరచెయ్యి పెట్టించాడు. మూసీ కంపు మోసుకొచ్చే గాలి ఇటు తిరిగేది పొద్దున ఏడు తర్వాతేనని అతనికి తెలుసు గనక, నిండుగా ఊపిరి పీల్చే పని ఏడుకు ముందే కానిచ్చాడు. తుమ్మకూ సుబాబులుకూ తేడా చెప్పాడు. ఎంత చక్కగా చెప్పాడో! కోపంలో కూడా సారలమ్మకు ముచ్చటేసింది. ముచ్చట వేసినందుకు మళ్లీ కోపం వచ్చింది.

తర్వాత గడ్డి నేల. అక్కడ అందరూ చెప్పులు, బూట్లు విడిచి మంచు మీద నడవాలి. పన్నెండు జతలూ ఒడ్డున చేరాయి. హన్మయ్య మాత్రం బూట్లతోనే నిలబడ్డాడు.

"మీరు విప్పరా బాబాయ్?" అంది ఒక డాక్టరమ్మ.

"నేను కాపలా తల్లీ. పామొస్తే ఎవరు సూడాలె?"

అందరూ నవ్వారు. సారలమ్మ డబ్బా మూతను గట్టిగా నొక్కింది.

ఆ అడిగిన డాక్టరమ్మ పేరు నీరజ. గుంటూరు దిక్కు మనిషి. అందరిలో కుదురుగా, దిగులుగా కనిపించింది. చెబితే ఈమెకే చెప్పాలని సారలమ్మ సర్వపిండి పళ్లెం పట్టుకుని దగ్గరికి పోయింది. అప్పుడే నీరజ పక్కనున్న మనస్వినితో మెల్లగా అంటోంది.

"మొన్న ఒక పెద్దావిడ మీద అరిచేశాను మనస్వినీ. ఆవిడ చేసిన తప్పల్లా నా చెయ్యి పట్టుకుని, 'అమ్మా, ఒక్క మాట' అనడమే. అప్పటికి డెబ్బై మందిని చూశాను. వెళ్లి బాత్రూంలో కూర్చున్నాను, గంటసేపు బయటికి రాలేదు. ఇప్పుడు ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, ఒళ్లు వణుకుతోంది."

సారలమ్మ నోటి దాకా వచ్చింది సరిగ్గా ఆ ఒక్క మాటే. మింగేసింది. పళ్లెం నీరజ చేతిలో పెట్టి వెనక్కి వచ్చేసింది. ఎవరి మీద విసుక్కోవాలో తెలియలేదు. అరవబోయిన నోటికి అరటిపండు అడ్డం పెట్టినట్టయింది. ఈ డాక్టర్లకు మనుషులంటే భయం. తన మొగుడికి డాక్టర్లంటే భయం. తనకు ఒట్టంటే భయం. ఇంతమంది భయాల మధ్య ఆ పుండు ఒక్కటే నిమ్మళంగా పెరుగుతోంది.

అటు చూస్తే హన్మయ్య రేల చెట్టు మొదట్లో కూర్చోబోయి, ఎడమచేత్తో కొమ్మ పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట. ఆ చల్లటి పొద్దున చెమటేంది? చంద్రయ్యకూ ఇట్లనే పట్టేది. చివరి రోజుల్లో అతను ఆమెనొక మాట అడిగాడు. "నేను చెప్పొద్దంటే నువ్వెందుకు ఊకున్నవ్ సెల్లే?" అని.

ఇక ఆగలేదు సారలమ్మ. పచ్చడి గిన్నె నేల మీద పెట్టింది.

"నీరజమ్మా, ఒక్క మాట."

నీరజ ఉలిక్కిపడింది. మనస్విని "ఆంటీ!" అంది. హన్మయ్య "సారలా, ఒట్టు!" అని అరిచాడు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఆయనకు షుగరుంది. కుడికాలికి పుండయి రెండు నెలలాయె. నల్లవడ్డది. నొప్పి లేదంటడు. మీరు పన్నెండు మంది, అదొక్క కాలు. జర సూడుండ్రి."

సుధీంద్ర అనే ఎముకల డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"నేను మూడు వారాల కిందే గమనించాను. ఆయన బరువంతా మడమ మీదే వేస్తున్నారు."

"బూటు ముందు భాగం కత్తిరించి ఉంది, నేనూ చూశాను" అన్నారు ఇంకొకరు.

"నాకు మొదటి రోజే వాసన తెలిసింది" అంది నీరజ. "వేపాకు వాసన, దాని కింద ఇంకో వాసన."

సారలమ్మ అందరి మొహాలూ చూసింది.

"తెలుసా? అందరికీ తెలుసా? మరి నోట్లె బెల్లం పెట్టుకున్నరా?"

"రూలు కదమ్మా..." అన్నాడు సుధీంద్ర.

"ఏం రూలు సారూ! ఇల్లు కాలుతుంటే నీళ్ల బకెట్ ముట్టొద్దని రాసున్నదా గా బోర్డు మీద?"

నీరజ అప్పటికే లేచింది. మొక్కలకు పెట్టిన బకెట్లో చేతులు కడుక్కుంది. హన్మయ్య ముందు గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుంది. "బూటు విప్పండి బాబాయ్" అంది.

"వద్దమ్మా. నువ్వు ఇది మర్సిపోనీకి వచ్చినవ్."

"విప్పండి."

తనే విప్పింది. కట్టు తీసి చూసింది. పాదం పైన రెండు వేళ్లు పెట్టి నాడి వెతికింది. చాలాసేపు వెతికింది. దొరికాక తల ఎత్తింది.

"రక్తం ఆడుతోంది. ఇవాళే వెళ్దాం. వేలు సంగతి చెప్పలేను, పాదం మాత్రం దక్కుతుంది."

"దవాఖానకు నేను రాను. మా బావ దవాఖానకు పోబట్టే..."

"కాదు" అంది సారలమ్మ. "పోబట్టి కాదు, పోకపాయె గనక. నాలుగు నెలలు దాసిండు. నాకు తెలుసు. నాతోటి ఒట్టు వెట్టించుకున్నడు, నేను ఊకున్న. మా అన్నను ఒట్టు సంపింది. నువ్వు గూడ నాకు అదే వెడ్తవా?"

హన్మయ్యకు ఈ సంగతి ఆరేళ్లుగా తెలియదు. రెండో బూటు కూడా తనే విప్పుకుని, సుధీంద్ర భుజం మీద చెయ్యి వేశాడు.

కారు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "మనస్వినమ్మా! అందరు రోగం మాట మాట్లాడిన్రు. తలా రెండు బకెట్లు. ఒక్కరిని గూడ ఇడ్సకు!"

"నోర్మూసుకొని కూసో!" అంది పక్కనున్న సారలమ్మ.

వేలు పోయింది. పాదం దక్కింది.

కాలు కొంచెం కుదుటపడి, కర్ర పట్టుకుని నర్సరీకి వచ్చిన మొదటి ఆదివారం హన్మయ్య గేటు దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. అప్పటిదాకా చెట్లు చూపించే పని సారలమ్మే చేసింది, సగం చెట్ల పేర్లు తప్పు చెబుతూ. నీరజ ఆరు వారాలూ అయిపోయినా వస్తూనే ఉంది. ఆ రోజు ఆమె కట్టు విప్పి చూసి, మళ్లీ కట్టి, ఎవరూ చెప్పకుండానే పోయి రెండు బకెట్లు నింపుకొచ్చింది.

"నీయి గూడ రెండున్నయి" అన్నాడు హన్మయ్య భార్యతో. "ఆ రోజువి. నువ్వింక పొయ్యలే."

"నీ కాలు మిగిలిచ్చినందుకా?"

"రూలు రూలే. ఒట్టు తప్పినందుకు ఇంకో రెండెయ్యాలె, పోనీలే అని ఇడిసిపెట్టిన."

సారలమ్మ పళ్లు కొరుక్కుంటూ బకెట్ ఎత్తింది. నాలుగడుగులు వేసి ఆగింది.

"పొద్దున గోలీ ఏసుకున్నవా?"

"మర్సి..."

ఆమె నిండు బకెట్‌తో వెనక్కి తిరిగింది.

"ఏసుకుంట, ఏసుకుంట! డబ్బ యాడున్నదే?"