కంపౌండరు దానయ్య ఓటములు

కంపౌండరు దానయ్య గెలిచే పక్షాన నిలబడగా చూసినవాడు నరసరావుపేటలో లేడు. రెండు పక్షాలున్న చోట ఓడబోయేదేదో ఆయన ముక్కుకు ముందే వాసన తగిలేది. తగిలిందే తడవు, "మనది అదే!" అని కేకేసి అందులో దూకేవాడు. ఎన్నికల్లో ఆయన ఓటేసిన మనిషి మెళ్ళో దండ పడిన పాపాన పోలేదు. మిషన్ ఆసుపత్రి వరండాలో రోగులతో పులిజూదం ఆడితే, పులులన్నీ తన చేతిలో ఉంచుకుని కూడా మేకలకు దొరికిపోయేవాడు. కుడిచేతికి కట్టుతో ఎడమచేత్తో ఆడిన ముసలి ఖైరున్నీసా వరసగా ఆరాటలు గెలిచి, "ఏంది కంపౌండరయ్యా, మందులన్నా సరిగ్గా కలపతన్నావా?" అని అడిగింది. ఆ అనుమానం మాకందరికీ ఉండేది.

ఆయన ఓటములకు రాజయోగం పట్టింది మాత్రం బేస్‌బాల్‌తో. ఆ ఆట మాలో ఎవరం కళ్ళతో చూడలేదు. ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మది అమెరికా. ఆమెకు అక్కడి పేపర్లు ఓడలో మూడు నెలలకు చేరేవి. ఆటల పేజీలు ఆమెకు అక్కర్లేదు. వాటిని విడదీసి, తాడుతో కట్టి, మందు పొట్లాలకు వాడుకొమ్మని దానయ్యకు ఇచ్చేది. అవి పొట్లాలయ్యే ముందు ఆదివారం సాయంత్రం వరండాలో మా సభ జరిగేది. కట్ట పైమడత మీద ఆడిన జట్ల పేర్లు మాత్రం కనపడేవి. కట్ట విప్పక ముందే ఎవరి జట్టు ఏదో చెప్పేయాలి. ఆ తర్వాత దానయ్య కట్ట విప్పి, ఫలితం పైకి చదువుతాడు. ఓడినవాళ్ళు నాంచారమ్మ కొట్టు నుంచి పునుగులు తెప్పించాలి.

"ఇది మన బిళ్ళంగోడే గదయ్యా! బిళ్ళకు బదులు బంతి. దీనికింత పేపరెందుకు?" అనేవాడు మాచర్ల నుంచి నాపరాళ్ళు తోలే లారీ డ్రైవరు అంతోని. అని, అందరికన్నా ముందు వచ్చి కూర్చునేవాడు.

నేను ఆ సభలోకి వచ్చింది గొంతు నొప్పితో. అరవై ఒకటి జూన్‌లో మిషన్ హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టరుగా చేరాను. నాకు పుస్తకాలతో మాట్లాడటం వచ్చుగాని మనుషులతో రాదు. నా పాఠం రెండో బెంచీ దాకా వెళ్ళి అక్కడే కూలబడేది. హెడ్‌మాస్టరు జ్ఞానయ్యగారు పిలిచి, "జనవరిలో ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన ఆఖరి బెంచీలో కూర్చుంటాడు. ఆయనకు మీరు వినపడకపోతే నేను చేసేదేమీ లేదు. ఇంకో ఉద్యోగం చూసుకోండి" అన్నారు. దానికి కూడా నేను ఏదో జవాబు చెప్పాను. ఆయనకు వినపడలేదు.

తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాను. దానయ్య టార్చిలైటు వేసి నా గొంతులోకి చానాసేపు చూశాడు.

"నొప్పి ఎప్పటినుంచి మేష్టారూ?"

"ఈ ఉదయం నుంచి."

"హెడ్‌మాస్టరు పిలిచాడా?"

తల ఊపాను. ఆయన ఏదో పొడి ఆరు పొట్లాలు కట్టి, దారం చుట్టి, "పూటకొకటి. ఆదివారం సాయంత్రం వరండాకు రండి, ఇంకో మందుంది" అన్నాడు.

ఆదివారం వెళ్ళాను. ఆటలో న్యూయార్కు ఒకవైపు, వాషింగ్టన్ ఒకవైపు. నేను నోరు తెరిచేలోగా దానయ్య, "వాషింగ్టన్ నాది! మేష్టారూ, మీకు మిగిలింది న్యూయార్కే, ఏం చేస్తారో చూసుకోండి" అని కేకేశాడు. చూసుకోవడానికేముంది, న్యూయార్కు గెలిచింది. ఆ పై ఆదివారం కూడా అంతే. ఆయన ముందు దూకడం, మిగిలింది నాకు తగలడం, అది గెలవడం.

నాలుగు వారాల్లో నేను బేస్‌బాల్ పండితుణ్ణయ్యాను. ఏ జట్టు ఎందుకు గెలిచిందో వివరించేవాణ్ణి. నా దగ్గరున్న ఆధారం స్కూలు అట్లాసు ఒక్కటే. సముద్రపు గాలి తగిలే ఊళ్ళవాళ్ళు బంతి బాగా విసురుతారని ఒక సిద్ధాంతం లేవదీశాను. చెప్పుకుంటే సిగ్గుగాని, అంతోని దాన్ని నమ్మి మాచర్ల దాకా మోసుకెళ్ళాడు.

అక్టోబరులో ఆల్‌స్టార్ ఆట కట్ట వచ్చింది. అన్ని జట్లలోంచి ఏరిన మొనగాళ్ళను అమెరికన్ లీగు, నేషనల్ లీగు అని రెండు పక్షాలు చేసి ఆడించే ఆట అది. ఆ రోజుల్లో ఏటా రెండుసార్లు ఆడేవారు. "అమెరికన్ లీగు! అమెరికాలో అమెరికన్‌ను ఓడించేదెవురు?" అని దానయ్య దూకాడు. నేషనల్ గెలిచింది, ఐదుకు నాలుగు.

"కంపౌండరు బాబాయ్, నువ్వు నా లారీ ఎక్కబాక. టైరు పేలుద్ది" అన్నాడు అంతోని.

నవంబరులో రెండో ఆల్‌స్టార్ ఆట కట్ట వచ్చింది. వరండా నిండిపోయింది. దానయ్య కేక వెయ్యలేదు. మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

"ఏంది బాబాయ్, ఒంట్లో బాగాలేదా?"

"ఈసారి మేష్టారు ముందు చెప్పాలి" అన్నాడు.

నేను లేచాను. అమెరికన్ లీగు అన్నాను. ఎందుకో అరగంట చెప్పాను. వార్డుల్లోంచి రోగులు గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఫిలోమినా నర్సు బయటికి వచ్చి, "మేష్టారూ, కాన్పుల గది దాకా వినపడతంది. మెల్లగా చెప్పండి" అంది.

"కట్ట మీరే విప్పండి" అని దానయ్య నా చేతికిచ్చాడు. విప్పబోయి ఆగిపోయాను. డాక్టరమ్మ తాడు ముడి జడ రిబ్బనులా రెండు చెవులతో ఉంటుందని అందరికీ తెలుసు. ఇది అది కాదు. రెండు మెలికలు వేసి కొస లోపలికి దోపిన ముడి. నా గొంతు పొడి పొట్లాలకు చుట్టిన దారం ముడి.

విప్పి చదివాను. చెరో పరుగు. వాన పడి ఆట ఆగిపోయింది. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు.

"మరి పునుగులెవురు పెడతారు?" అని అంతోని గగ్గోలు పెట్టాడు. పునుగుల సమస్య మీద సభ రెండుగా చీలింది. ఆ గోలలో నేను దానయ్యను మందుల గదిలోకి లాక్కుపోయాను.

"ముందే చదివేస్తున్నావా?"

"మరి ఓడేదేదో తెలియొద్దా మేష్టారూ? ఇయ్యాళ ఓడదామంటే దారి దొరకలా" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. "మీ గొంతులో జబ్బు లేదని ఆ రోజే చూశా. గెలిచినోడి గొంతు యాడన్నా చిన్నగా వస్తదా?"

"పొడి?"

"సోడా ఉప్పు. చెప్పబాకండి."

జనవరిలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆఖరి బెంచీలో కూర్చుని, పది నిమిషాలు విని, కొంచెం తగ్గించమన్నాడు. ఉద్యోగం నిలిచింది. దాన్ని నిలబెట్టింది నా పాండిత్యం కాదని తెలిసినవాళ్ళం ఇద్దరమే.

ఆ వారమే ఆదివారం నాడు, అమెరికాలో అక్టోబరులో జరిగిన పెద్ద పోటీ కట్ట వచ్చింది. న్యూయార్కు, సిన్సినాటి. బండ జారి కాలు విరిగిన క్వారీ కూలీ ఆదెయ్యను మంచంతో సహా వరండాలోకి తెచ్చారు. వచ్చి వారమైనా ఎవరితోనూ పలకని మనిషి.

"సిన్సినాటి నాది! ఆదెయ్యా, నీకు మిగిలింది న్యూయార్కే!" అని దానయ్య కేకేశాడు.

"నాదీ సిన్సినాటే" అన్నాను.

దానయ్య నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

ఓడిపోయాం. ఐదాటల్లో నాలుగు పోయాయి. "పండితుడికి గూడా పట్టిందయ్యా కంపౌండరు దిష్టి!" అని అంతోని గంతులేశాడు. ఆదెయ్య కాసేపు కట్టుకట్టిన కాలు వంక చూసుకుని, ఒకసారి దగ్గి, న్యూయార్కు ఎందుకు గెలిచిందో మా ఇద్దరికీ చెప్పడం మొదలుపెట్టాడు. బండ కొట్టేవాడికీ బంతి కొట్టేవాడికీ ఉండాల్సిన నడుము ఒకటేనన్నాడు.

నేను ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. నా సముద్రపు గాలి సిద్ధాంతం కన్నా అదే నయం.