కమాను మీది ఎర్రరంగు

ఓర్విల్ డీన్ టాకెట్‌ను నేను మొదట చూసింది మా బడి వరండాలో. పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఎడారి గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి. కూతురి వ్యాసం చేతబట్టుకుని, వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాడాయన.

"టీచరమ్మా, 'బోల్టులు వదులయ్యాయి' అని మా పిల్ల రాస్తే తప్పు పెట్టారట! బోల్టులు వదులు కావా ఏంటి?"

"తప్పు పెట్టలేదండీ, ప్రశ్న వేశాను. 'వదులయ్యాయి' అకర్మక క్రియ. అలాంటి క్రియ చాటున అసలు చేసినవాడు దాక్కుంటాడు. వదులు చేసిందెవరని అడిగాను, అంతే."

"దెయ్యం! మా షెడ్డుకొచ్చి మీరే పట్టుకోండి దాన్ని," అంటూనే ఆయన మెట్లు దిగిపోయాడు.

ఓర్విల్ సిమెంటు కర్మాగారంలో వెల్డరు. కూర్చుని కాఫీ తాగగా ఆయనను చూసినవారు మా ఊళ్ళో లేరు. చర్చిలో సైతం గుమ్మం పక్క బల్లే ఆయనది. భార్య పోయిన తరువాత కూతురు నోరీన్‌ను ఒంటిచేత్తో పెంచాడు. ఆ తండ్రీకూతుళ్ళు పాత ఫోర్డు బండి ఒకదానిని విప్పి, పెద్ద ఇంజను ఎక్కించి, వెనక ఇరుసుకు అటొక కమాను కట్ట, ఇటొక కమాను కట్ట, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు, వేసుకున్నారు. ఆ కట్టలను ఇరుసుకు అదిమి పట్టేవి యూ బోల్టులు. ఎల్ మిరాజ్ ఎండు సరస్సు మీద జరిగే వేగం పందెంలో ఆ బండిని నోరీనే తోలుతుందని ఆయన మాట ఇచ్చాడు. ఆ వేగంలో బోల్టు వదులైతే ఇరుసు పక్కకు జరుగుతుంది, బండి దొర్లుతుంది. మాట ఇచ్చిన నాటి నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు.

నేను వెళ్ళేసరికి ఆయన బండి కింద ఉన్నాడు. జాకీని ఏనాడూ నమ్మేవాడు కాదు. ముందు చక్రాలకు దుంగలు అడ్డుపెట్టి, బండిని స్టాండ్ల మీద నిలిపి, భుజంతో నెట్టి చూసిన తరువాతే కిందికి దూరేవాడు. నట్లను మూల నుంచి ఎదురు మూలకు, కొద్దికొద్దిగా తిప్పేవాడు. చివరి బిగింపు మాత్రం బండిని నేలకు దించి, దాని బరువు కమాన్ల మీద పడిన తరువాతే. ఇంత చేసి, వీధి చివరి దాకా తోలుకు వచ్చి పానా వేస్తే, నట్టు వదులై మళ్ళీ తిరిగేది. కొత్త బోల్టులు తెచ్చాడు. అవీ అంతే.

"ఈసారి పానాకి పొడుగు గొట్టం తొడిగి, కాలితో తొక్కి బిగిస్తా!" అన్నాడు.

"తొక్కు నాన్నా, తొక్కు. మర సాగి బోల్టు తెగుతుంది. నేనక్కడ దొర్లుతుంటే నువ్వు గట్టున నిలబడి చప్పట్లు కొడుదువుగాని," అంది నోరీన్.

ఆయన ముఖం పాలిపోయింది. "అయితే నువ్వు తోలొద్దు. బండి అమ్మేస్తా."

"మాటిచ్చి తప్పుతావా? టీచర్ అడిగిందేగా, చేసిందెవరని? వెతుకు మరి."

ఆమె తానే కిందికి దూరింది. కాసేపటికి నవ్వు వినిపించింది. "నాన్నా! జాము రాసిన రొట్టెలా పక్కలకి కారిందిక్కడ. గోరు దిగుతోంది. ఇది నీ రంగే!"

కిందికి వంగి చూసేవారికి అందంగా కనబడాలని ఆయన కమాన్లకూ, అవి ఇరుసు మీద కూర్చునే పలకలకూ పూత మీద పూత ఎర్రరంగు వేశాడు. బోల్టు అదిమినది ఇనుమును కాదు, రంగును. రంగు నలిగిన కొద్దీ పట్టు సడలింది.

"దెయ్యం దొరికిందా ఓర్విల్ గారూ?" అన్నాను.

"దొరికింది టీచరమ్మా. నా బట్టలే కట్టుకుని తిరుగుతోంది," అంటూ ఆయన అప్పుడే గీకుడు చాకు అందుకున్నాడు.

ఇనుము తేలేదాకా గీకి, మళ్ళీ కొత్త బోల్టులు వేసి బిగించాడు. వీధి తిరిగి వచ్చి చూశాడు, నట్టు కదలలేదు. మర్నాడూ చూశాడు. అయినా ఆయన కాలు ఒకచోట నిలవలేదు.

పందెం నాడు సరస్సు పెనంలా కాగుతోంది. నోరీన్ శిరస్త్రాణం బిగించుకుంటుండగా ఆయన మళ్ళీ బండి కిందికి దూరాడు.

"లే నాన్నా, నీ మీద నుంచి తోలమంటావా?"

లేచాడు. బండి గర్జించి కదలగానే దానికి వీపు తిప్పి నా ఎదుట నిలబడ్డాడు.

"నావల్ల కాదు. మీరు చూసి చెప్పండి. దుమ్ము తిన్నగా పోతోందా?"

"తిన్నగానే పోతున్నది."

"ఊగుతోందా?"

"లేదు."

ఇంజను చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. దూరాన దుమ్ము మెల్లగా విడిపోతుంటే, బండిలోంచి దిగి చేయి ఊపుతున్న పిల్ల కనిపించింది.

"తిన్నగా ఆగింది. దిగింది. చేయి ఊపుతున్నది," అన్నాను.

ఆయన వెనుదిరగలేదు. ఆ మరుసటి వారమే ఓరెగాన్‌లో పని దొరికి తండ్రీకూతుళ్ళు ఊరు విడిచారు. నేను మళ్ళీ ఆయనను చూడలేదు. ఆనాడు నేల మీద చతికిలబడి, నా చేతి సంచి పట్టీ గట్టిగా పట్టుకుని ఆయన వేడుకున్నదే నన్ను కోరిన ఆఖరి కోరిక.

"ఇంకొక్కసారి చెప్పండి టీచరమ్మా."